పెరిగే బిడ్డకని కొన్న ఫిడేలు

ఉదయగిరిలో మా బజారు వాళ్ళు స్కూలు యూనిఫారాలు కుట్టించుకోవాలంటే నా దగ్గరికే వస్తారు. నా కుట్టు గొప్పదని కాదు, నేను లోపల గుడ్డ వదిలిపెడతానని. చేతుల కాడ, నడుం కాడ, అంచు కాడ, రెండేళ్ళకు సరిపడా గుడ్డ లోపలికి మడిచి కుడతాను. బిడ్డ పెరిగినప్పుడల్లా ఒక వరస కుట్టు విప్పుకుంటే చాలు, చొక్కా కూడా పెరుగుతుంది. పెరిగే పిలకాయలకు ఒంటికి పట్టినట్టు కుట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. ఏం తెలివి రా నాయనా, ఆరు నెలలు పోతే ఆ చొక్కా ఎవరికి తొడుగుతావు, అని అడగబుద్ధి అవుతుంది. ఈ పద్ధతి మా అమ్మ నేర్పించింది. ఇన్నేళ్ళూ నాకు అన్నం పెట్టింది. నా కూతురి ముందర నన్ను దొంగను చేసింది కూడా ఈ పద్ధతే.

పాప అప్పుడు మూడో తరగతి. శ్రీరామనవమికి మా వీధి పందిట్లో హరికథ పెట్టించినారు. జనమంతా కథ చెప్పే ఆయన గజ్జెలూ చిడతలూ చూస్తా ఉంటే, ఇది మాత్రం పోయి పక్కన ఫిడేలు వాయించే ఆయన మోకాలి కాడ కూర్చునింది. పిలిస్తే రాలా. సీతమ్మ పెళ్ళయినా, రాముడు అడవికి పోయినా దానికేం పట్టలా. మరుసటి రోజు నుంచి నా స్కేలు కనపడకుండా పోయింది. వెతికితే ఎడం చేతి మీద స్కేలు, కుడి చేతిలో చీపురు పుల్ల. నా మిషను చప్పుడుకు తగినట్టు ఆ పుల్లను స్కేలు మీద లాగతా, కళ్ళు మూసుకోని తల ఊపతా ఉండాది. నేను మిషను ఆపితే అదీ ఆపేది.

“మా, మళ్ళా తొక్కు మా,” అనేది.

నవ్వొచ్చేది. ముద్దొచ్చేది. దానికి ఫిడేలు నేర్పించాలని ఆ రోజుల్లోనే అనుకున్నాను. అప్పుడు నా మనసులో ఇంకే ఆశా లేదు. ఆ మాట మాత్రం ఎవరి ముందరైనా చెప్పగలను.

నేర్పేవాళ్ళ కోసం అడగని మనిషి లేడు. అబాకసుకు ఉండారు, డ్రాయింగుకు ఉండారు, డాన్సుకైతే వీధికొకరు ఉండారు. “ఫిడేలా? ఈ కాలంలో ఫిడేలేంది?” అని నన్నే వింతగా చూసినారు. ఒకాయన కీబోర్డు నేర్పిస్తానన్నాడు. ఫిడేలు కావాల సార్ అంటే, “ఇందులో కూడా ఉండాదమ్మా ఫిడేలు,” అని ఒక బటను నొక్కి చూపించినాడు. పాప ఆ మోత విని నా కొంగు పట్టుకోని గుంజింది, పోదాం రా అని.

చివరికి దారి చూపించింది మా పక్క కొట్లో కొయ్య గరిటెలు చేసే భాయ్. వాళ్ళ తాతల నాటి నుంచీ అదే పని వాళ్ళకు.

“అరె, ఫిడేలంటే ఆత్మకూరులో ఒక పెద్దాయన ఉండాడు చెల్లే,” అన్నాడు. “తంతి బిగించే బిరడా విరిగిపోయిందని నా దగ్గరికొచ్చి కొయ్యతో చేయించుకోని పోయినాడు. హరికథల్లో వాయించేవాడంట. బస్సు డిపో వెనక వీధి. కోపిష్టి మనిషి. బిరడా చేసేదాకా నా నెత్తిన నిలబడి, ఇట్ట కాదు అట్ట కాదు అని ప్రాణం తీసినాడు.”

ఆదివారం పొద్దున్నే పాపను తీసుకోని ఆత్మకూరు బస్సెక్కినాను. డిపో వెనక వీధిలో అడిగితే అందరికీ తెలుసు ఆయన. ఒంటిగది ఇల్లు, ముందర రేకుల పంచ. బస్సులు వెనక్కి తీసేటప్పుడు వేసే విజిలు ఆ పంచలోకి గట్టిగా వినపడుతుంది. పెద్దాయన మమ్మల్ని కూర్చోమని కూడా అనలా.

“పిలకాయలకు చెప్పను తల్లీ. మూడు నెలలు వస్తారు. నాలుగో నెల డాన్సు క్లాసంటారు, పరీక్షలంటారు. నాకు ఓపిక లేదు.”

“నేను డాన్సుకు పోను,” అనింది పాప.

ఆయన దాన్ని అప్పుడు చూసినాడు. లోపలికి పోయి ఫిడేలు తెచ్చి కింద కూర్చోని, కుడికాలు ముందుకు చాపి, ఫిడేలు తల చీలమండ మీద ఆనించి, కమానుతో ఒక్క ‘స’ లాగినాడు. పాడమన్నాడు. పాప పాడింది. శృతి మార్చి ఇంకొకటి లాగినాడు. పాప దానికీ పాడింది. ఆయన ఇంకా కిందికి దింపినాడు, పైకి ఎక్కించినాడు. ఇది ఆయన వెంటే పోయింది. చివరికి ఆ పెద్దాయన పళ్ళు లేని నోటితో నవ్వినాడు.

“వచ్చే ఆదివారం తాంబూలం తెచ్చుకోండి. ఒక మాట గుర్తు పెట్టుకో తల్లీ. తాంబూలం పాప చేత్తోనే ఇయ్యాల. ఎవరు ఇస్తే వాళ్ళే నా దగ్గర శిష్యులు. అమ్మానాయనలు ఇస్తే నేను తీసుకోను.”

ఆ ఆదివారం పాప కొత్త గౌను వేసుకోని, ఆకూ వక్కా అరటిపండ్లూ ఉన్న పళ్ళెం రెండు చేతులా పట్టుకోని, బస్సులో ఒళ్ళో పెట్టుకోని కూర్చునింది. నేను పట్టుకుంటా ఇయ్యమంటే ఇయ్యలా. సారుకు ఇచ్చి కాళ్ళకు మొక్కింది. ఆయన తన ఫిడేలు దాని ముందర పెట్టి, దాని చెయ్యి పట్టుకోని కమాను ఒక్కసారి లాగించినాడు. అది నా వైపు తిరిగి చూసింది.

వచ్చేటప్పుడు సారు నాకు గట్టిగా చెప్పినాడు. “పాపకు చిన్న ఫిడేలు దొరుకుతుంది, నెల్లూరులో. పాప చెయ్యి చాస్తే ఫిడేలు తల అరచేతిలో ఇమడాల. అంతకు మించి పెద్దది తేవొద్దు. తెలిసిందా?”

తెలియక ఏమి? కొలతలతో బతికేదాన్ని. పాపను నిలబెట్టి, మెడ కాడి నుంచి అరచేతి దాకా దారం పట్టి, తెంపి, ముడేసి పర్సులో పెట్టుకున్నాను. ఆ వారం దారాలూ లైనింగు గుడ్డా కొనడానికి ఎట్టాగూ నెల్లూరు పోవాల్సిన పని ఉండాది. పాపకు బడి. ఒక్కదాన్నే పోయినాను.

షాపులో అబ్బాయి దారం చూసి చిన్న ఫిడేలు తీసినాడు. బొమ్మలాగా ముద్దుగా ఉండాది. దారానికి సరిగ్గా సరిపోయింది. అంతే, ఆడనే నా పద్ధతి లేచి కూర్చునింది. ఇది ఎన్నాళ్ళు వస్తుంది? రెండేళ్ళు పోతే మూల పడేస్తామా? పెరిగే బిడ్డకు ఒంటికి పట్టినట్టు కొంటారా ఎవరైనా? పెద్దది చూపించమన్నాను. “మేడం, ఇది పెద్దవాళ్ళదండీ, మీరు పట్టుకోని చూడండి, పాపకు ఎట్ట సరిపోతుంది,” అన్నాడు. గడ్డం కింద పట్టుకున్నాను. ఆ మాత్రానికి ఊరుకోకుండా కమాను కూడా ఇచ్చినాడు. సారు లాగినట్టు లాగినాను. కీచుమంటుందనుకున్నా. కీచుమనలా. ఒక్క క్షణం, ఏదో పెద్ద మనిషి నా పక్కన కూర్చోని గొంతు సవరించుకున్నట్టు ఒక మోత వచ్చింది. ఆ మోత నా దవడ ఎముకలోంచి పోయింది.

“ఇదే ఇచ్చెయ్యి నాయనా, పెరిగే బిడ్డ,” అన్నాను.

ఇంటికి తెస్తే మా ఆయన, ఆటో తోలతాడు, పెట్టె మూత తీసి చూసి నవ్వినాడు. “పాపకు కొన్నావా, నీకు కొన్నావా?”

“నీ మొహం. పెరిగే బిడ్డకు చిన్నది కొంటారా ఎక్కడైనా?” అని కసిరినాను. ఆయన ఏదో వేళాకోళానికి అన్న మాట. నాకు ఎందుకంత కోపం వచ్చిందో అప్పుడే ఆలోచించి ఉండాల్సింది.

ఆదివారం సారు పెట్టె తెరిచినాడు. “ఎవరికమ్మా ఇది?” అన్నాడు. పాపను కూర్చోబెట్టి ఫిడేలు దాని భుజానికి ఆనించినాడు. ఫిడేలు తల దాని పాదం దాటి నేల మీదికి పోయింది. వేళ్ళు తంతుల కొసకు అందలా. పాప మెడ సాగదీసి, పెదిమ కొరుక్కోని అందుకోవాలని చూస్తా ఉండాది. నా జాకెట్టు తెచ్చి దానికి తొడిగినట్టుండాది.

“చెప్పినాను గదా తల్లీ! మార్చుకోని రా.”

“అడిగినా సార్. మార్చరంట,” అన్నాను.

నేను అడగలా. ఫిడేలు తెచ్చినాక మళ్ళా నెల్లూరే పోలా. పాపకు ఆ సంగతి తెలుసు. తలెత్తి నన్ను చూసింది.

సారు తల గోక్కున్నాడు. “సరే. వాయిద్యం వాయించకుండా పెడితే పాడైపోతుంది. పాప పెరిగేదాకా నువ్వు వాయించు. పాప నోటితో పాడతా ఉంటుంది. చెవిలో పాఠం ఉంటే రేపు చెయ్యి అందినప్పుడు దానంతట అదే వస్తుంది.” పెద్ద మనసుతో చెప్పిన మాట అది. దాన్ని నేను ఎట్ట వాడుకున్నానో ఆయనకేం తెలుసు.

మొదట్లో బాగానే ఉండాది. పాప సరళీ స్వరాలు పాడేది, నేను దాని వెంట గీకేదాన్ని. నేను తప్పు వాయిస్తే పగలబడి నవ్వేది. “మా, అది పిల్లి మా!” అనేది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో సీటు ముందర కమ్మీ మీద నా వేళ్ళు పట్టుకోని అదే చూపించేది, ఈడ స, ఈడ రి అని. గంధం పండగ రోజుల్లో పేట దర్గాకు పోయేవాళ్ళతో బస్సు కిక్కిరిసి ఉంటే, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకోని దాని ఒళ్ళో ఫిడేలు పెట్టె పెట్టేదాన్ని. ఎవరమ్మా వాయించేది అని అడిగితే, “నేను పెరిగినాక నేను. ఇప్పటికి మా అమ్మ,” అని చెప్పేది.

తర్వాత నాకు చెయ్యి తిరిగింది. ఎట్ట చెప్పాల దాన్ని? ఊరందరి నడుములూ భుజాలూ కొలిచి కొలిచి, ఇదిగో మీది, ఇదిగో మీది అని మడతపెట్టి ఇచ్చిన చేతులు నావి. వాటిల్లోంచి నాకంటూ ఒకటి రావడం అదే మొదలు. పొద్దున పొయ్యి వెలిగించక ముందే ఫిడేలు తీసేదాన్ని. పాప లేచి కళ్ళు నులుముకుంటా వచ్చి కూర్చుంటే, “పాడు, పాడు, ఊరికే కూర్చోవద్దు,” అనేదాన్ని. నాకు తోడుగా పాడేదానికి అది కావాల, అంతే. దానికి నేర్పించాలని కాదు.

“చిన్నది ఇంకొకటి కొనియ్యరాదా బిడ్డకు?” అన్నాడు మా ఆయన ఒకసారి.

“ఇంకొక్క ఏడాదికి అదే పెరుగుతుంది. రెండు ఫిడేళ్ళు పెట్టుకోని ఏం చేస్తాం, ఊరేగుదామా?” అన్నాను. మాటకు మాట నా నోట్లో తయారుగా ఉంటుంది గదా. నిజం ఏందంటే, పాప తన ఫిడేలు తను వాయించుకుంటే సారు చూపు దాని మీదికి పోతుందని నాకు లోపల కుళ్ళు ఉండాది. కన్నబిడ్డ మీద! రాసేదానికే చెయ్యి వెనక్కి పోతా ఉండాది.

ఒక ఆదివారం పాపకు జలుబు. గొంతు పట్టేసింది. జంట స్వరాలు పాడతా ఉంటే రి కాడ జారింది. నేను వాయించేది ఆపేసి, కమాను దాని వైపు చూపించి, “అది రి కాదు. చెవులు పెట్టుకోని పాడు. నీ వల్ల నాది కూడా పోతాంది,” అన్నాను. సారు ముందర. సారు నా కమాను వైపు చూసినాడు. పాప పాడేది ఆపేసింది. “నీళ్ళు తాగొస్తా,” అని లేచి పంచలోకి పోయింది. పాఠం అయిపోయేదాకా ఆడనే కూర్చోని డిపోలోకి వచ్చే బస్సుల్ని చూస్తా ఉండాది. నేను పిలవలా. సారు ఆ రోజు కొత్త గీతం మొదలుపెట్టినాడు, నాకు దాని మీదే ధ్యాస.

తర్వాతి ఆదివారం నేను జడ వేద్దామని దువ్వెన తీసుకుంటే, “నేను రాను మా, నువ్వు పోయిరా,” అనింది. కోపంగా కూడా అనలా. ఫ్రెండుతో ఆడుకుంటానని చెప్పింది. పోట్లాడి ఉంటే బాగుండు. నేను బతిమాలి ఉన్నా బాగుండు. బస్సుకు టైమైందని నేను బయల్దేరినాను.

పాప రాదని సారుకు చెప్పేసి వద్దామని పోయినాననే ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. పోయి పాఠం చెప్పించుకోని వచ్చినాను. ఆ మరుసటి వారమూ అంతే. జాకెట్లు ఇచ్చేదానికి వచ్చినవాళ్ళు, “ఆదివారం కొట్టు తియ్యవేంది?” అంటే, “పాపను ఫిడేలు క్లాసుకు తీసుకుపోతా గదా అక్కా,” అని చెప్పేదాన్ని. “అబ్బ, ఎంత తల్లివమ్మా,” అనేవాళ్ళు. పాప ఆడనే గుండీలు కుడతా ఉండేది. ఎంత తల్లిని!

సారు చాలా రోజులు ఏమీ అడగలా. ఒకనాడు నేను గీతం తప్పులేకుండా వాయించినాను. మెచ్చుకుంటాడని మొహం వైపు చూసినాను. ఆయన కమానుకు రాసే గుగ్గిలం బిళ్ళ చుట్టూ గుడ్డ చుట్టతా, “బాగుండాది. కానీ తల్లీ, నాకు తాంబూలం ఇచ్చింది పాప. ఇన్నాళ్ళూ దాని పాఠమే నీకు చెప్తా ఉండాను. అది గుర్తుండాది గదా నీకు?” అన్నాడు.

“గుర్తుండాది సార్,” అన్నాను. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చినాను. దిగే ముందర కళ్ళు తుడుచుకోని, ఆ గీతం ఇంకొకసారి మనసులో వాయించుకున్నాను. నా మీద నాకే అసహ్యమేసింది.

మొన్న బడులు తెరిచే ముందర సంగతి ఇది. ఊళ్ళో వాళ్ళ యూనిఫారాలన్నీ అయినాక, చివరికి మా పాపది కుట్టేదానికి కూర్చున్నాను. చెప్పులు కుట్టేవాడి పిల్లకు చెప్పులు లేనట్టు, మా ఇంట్లో బట్టలెప్పుడూ ఆఖరే. ఇప్పుడది ఆరో తరగతికి పోతుంది. పాత చొక్కాలో వదిలిన గుడ్డంతా విప్పేసి అయిపోయింది. “రా, చెయ్యి చాచు,” అని టేపు పట్టినాను. మెడ నుంచి భుజం, భుజం నుంచి మణికట్టు. టేపు మీద అంకె చూసి నా చేతులు ఆగిపోయినాయి. ఎంత పెరిగింది బిడ్డ! నా కళ్ళ ముందరే తిరగతా ఉంటే నేను చూడనే లేదు.

టేపు పక్కన పెట్టి, గోడకున్న ఫిడేలు పెట్టె దించినాను. “ఇట్ట రా. ఒక్కసారి పట్టుకో.”

“ఎందుకు మా?”

“పట్టుకో అంటాండా గదా.”

మెడకు ఆనించినాను. అది చెయ్యి చాచింది. ఫిడేలు తల దాని అరచేతిలోకి వచ్చి ఇమిడింది. ఇది సారు చెప్పిన కొలతే. అది వేళ్ళు ముడిచి ఆ తలను మెల్లగా పట్టుకునింది. నేలన కూర్చోని, కాలు చాపి, చీలమండ మీద ఆనించింది. ఎన్నేళ్ళయినా మరిచిపోలా ఆ కూర్చునే తీరు. కమాను ఇచ్చినాను. తీసుకోలా. చూపుడువేలితో తంతిని ఒక్కసారి మీటింది. పెదిమలు కదలకుండా లోపల్లోపల ఆ ‘స’ పాడింది. నాకు వినపడింది. శృతిలో ఉండాది.

“సరిపోయింది గదా,” అన్నాను. “ఈ ఆదివారం సారు దగ్గరికి పోదాం. నువ్వు వాయిద్దువు. నేను ఊరికే కూర్చుంటా, ఏమీ అనను. నిజం.”

అది ఫిడేలును చూసింది. నా భుజం ఆనే చోట చెక్క రంగు వెలిసి నునుపుదేలి ఉండాది. తంతుల కింద నా వేళ్ళు పడే చోట అరిగిన గుర్తులు. వాటిని వేలితో తడిమింది.

“సరిపోయింది మా,” అనింది. “కానీ ఇది నీదైపోయింది గదా. నువ్వే వాయించుకో.” నిష్టూరం లేదు ఆ మాటలో. ఎదురింటి వాళ్ళ గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు అంటాము చూడు, అట్ట అనింది. రెండు చేతులా పట్టుకోని నా ఒళ్ళో పెట్టింది, ఆ రోజు సారు ముందర తాంబూలం పెట్టినట్టు.

అప్పుడు నేను ఏడ్చి ఉండాల. కాదు తల్లీ, నీదే, అని దాని చేతికి తిరిగి ఇచ్చి ఉండాల. ఆ మాటలన్నీ తర్వాత వచ్చినాయి. వాటికంటే ముందర, నేను పిలవకుండానే, నా లోపల ఒక మాట లేచింది. అమ్మయ్య. అంతే, ఒక్క మాట. బయటికి అనలా. కానీ పాప నా మొహమే చూస్తా ఉండాది, అన్నీ చూసింది. చిన్నప్పటి నుంచీ దాని చెవికీ కంటికీ ఏదీ దాగదు.

“లేదు పాపా...” అన్నాను.

“సరేలే మా,” అనింది. కింద పడిన టేపు తీసి నా చేతికిచ్చి, మళ్ళా నా ముందర నిలబడి, చెయ్యి చాచింది. “ఈసారి చొక్కా పెద్దది కుట్టొద్దు. లోపల గుడ్డేమీ వదలొద్దు. ఇప్పుడు నాకు ఎంత ఉంటే అంతే కుట్టు.”

అట్టనే కుట్టినాను. మిగిలిన గుడ్డ కత్తిరించి తీసేసినాను. చొక్కా దాని ఒంటికి ఎంత బాగా కుదిరిందో! బడికి పోతా గడప దాటి, ఒకసారి చెయ్యి చాచి చూసుకోని, నవ్వుకుంటా పోయింది. ఆదివారం నేను ఆత్మకూరు బస్సెక్కినాను. ఒళ్ళో ఫిడేలు పెట్టుకోని, పక్క సీటు ఖాళీగా ఉంటే చేతిసంచి అందులో పెట్టినాను.